గవ్వలదిన్నె బావిలో ఎర్ర గీత

నమోదు 1

గవ్వలదిన్నె హాల్టు నీళ్ళ ఇన్‌చార్జిగా ఇవాళ బాధ్యత తీసుకున్నాను. పేరు హంపమ్మ. ఇంతకు ముందు ఉప్పుమేడ జంక్షన్‌లో సిగ్నళ్ళు చూసేదాన్ని. కళ్ళు మసకబారాయని తెచ్చి ఇక్కడ బావి మీద వేశారు. బావిలోకి తొంగి చూడటానికి పెద్దగా చూపు అక్కరలేదని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

నాకు అప్పగించినవి ఒక బావి, ఒక పంపు, దాన్ని నడిపే ఎండపలకలు, కాళ్ళ మీద నిలబడ్డ ఇనుప ట్యాంకు. ట్యాంకు నుంచి రెండు గొట్టాలు దిగుతాయి. లావుది ఇంజన్లకు, నా చూపుడు వేలంత సన్నది ఊరికి. రెంటి తాళంచెవులూ నా నడుముకే. బావి రైలు కంపెనీది, పంపు కంపెనీది, కుళాయి కంపెనీది. కుళాయి కింద పడిన చుక్కలకు మొలిచిన గడ్డి దుబ్బు ఎవరిదని స్టేషన్ మాస్టరు దస్తగిరిని అడిగాను. ఆయన ఆ దుబ్బు వైపు వంగి చూశాడు.

"అదీ కంపెనీదే అనుకుంటా అక్కా," అన్నాడు.

బావి లోపలి గోడ మీద రెండు గీతలున్నాయి. నీరు ఎర్ర గీతకు దిగితే ఊరి కుళాయి మూసేసి, ఇంజన్లకు మాత్రమే ఇవ్వాలి. నల్ల గీతకు దిగితే హాల్టే ఎత్తేస్తారు. ఎర్ర గీత దగ్గర ఒక గంట కట్టి ఉంది. నీటి మీద తేలే బెండు ఆ గీత దాటినప్పుడల్లా, దిగినా సరే ఎక్కినా సరే, అది మోగుతుంది.

ఈ నమోదులు వారానికోసారి తీగ మీద డివిజన్ ఆఫీసుకు పోతాయి. అక్కడ వీటిని చదివేది మనుషులు కాదు, యంత్రం. అంకెలున్న గళ్ళు చదువుకొని, "వివరం" అన్న గడిని వదిలేస్తుందట. ఈ మాటలన్నీ ఆ గడిలోనే రాస్తున్నాను. అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

నమోదు 4

పొద్దున్నే ఎండపలకల మీది దుమ్ము పొడిగుడ్డతో తుడవాలి. తడిగుడ్డ వాడితే జరిమానా. సాయంత్రానికి మళ్ళీ అంతే దుమ్ము. ఉప్పుమేడలో కనీసం సిగ్నల్ రంగులైనా మారేవి.

ఇక్కడ ఆగే రైళ్ళు రెండు, పొద్దున పాసింజరు, మధ్యాహ్నం గూడ్సు. నేను పంపిన నీటిని షెడ్డులో ఎండ కరెంటు విడగొట్టి మండే గాలి చేస్తుంది. ఆ గాలి తాగి ఇంజన్ నడుస్తుంది. నడిచినంత సేపూ పక్క గొట్టంలోంచి ఆవిరి వదులుతుంది. అంటే ఈ ఊరి బావిని దారి పొడవునా ఎడారిలోకి ఊదుకుంటూ పోతుందన్నమాట.

రైలు ఆగిన కాసేపూ ఆడవాళ్ళు ఆ గొట్టానికి పాత చీరలు అడ్డం పట్టి, తడిశాక బిందెల్లోకి పిండుకుంటారు. దాని పేరు రైలు చెమట. గిన్నెలకు, ఒళ్ళు కడుక్కోవడానికి వాడతారు గాని తాగరు. నేను ఒక గుక్క తాగి చూశాను. నోట్లో ఏమీ పోసుకోనట్టే ఉంది.

నమోదు 7

ఈ ఊరివాళ్ళంతా బావి తవ్వడానికి కంపెనీ తెచ్చుకున్న కూలీలు. పని అయ్యాక తీసుకుపోయే రైలు రాలేదు. ఉండిపోయారు, ఊరైంది. అప్పట్లో వాళ్ళకు మేస్త్రిగా ఉన్న ఓబులక్కే ఇప్పటికీ ఊరికి పెద్ద. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. కుళాయి వరసలో ఎవరు ముందో ఎవరు వెనకో ఆమె కనుబొమ్మ చెబుతుంది.

ఇవాళ ఒక వింత చూశాను. కుళాయి తిప్పగానే నిండిన మొదటి బిందెను ఓబులక్క చంకనెత్తుకొని తిన్నగా బావి దగ్గరికి పోయింది. మూత తీసి అందులో పోసేసింది. బావి మూతకు తాళం లేదు. పంపు లేకుండా నీళ్ళు పైకి రావు కాబట్టి తాళం అక్కరలేదని కంపెనీ లెక్క.

"ఏమక్కా, పారబోస్తున్నావు?" అన్నాను.

"పారబోసేది యాడ? పలకరిస్తాండా. నీళ్ళు పడిన దినం మొదటి బిందె దానికే పోసినాము. ఆపొద్దు నుంచి అదే."

"దాని నీళ్ళు దానికే పోస్తే ఏమొస్తుంది?"

"నీ ఇంటికొచ్చి, నీ చెంబుతోనే నీకు దప్పికిస్తే వద్దంటావా మే?"

వచ్చి నష్టం గడిలో "ఒక బిందె" అని రాశాను. రోజూ రాయాల్సి వచ్చేట్టుంది.

నమోదు 19

ఎర్ర గీత మీద నాలుగు వేళ్ళ నీరుంది. నేను వచ్చినప్పుడు మూరెడు ఉండేది. అంకెలు పంపుతూనే ఉన్నాను. యంత్రానికి అనుమానం వచ్చినట్టుంది, డివిజన్ ఇంజనీరు స్వయంగా వచ్చి కొలుస్తాడని కబురు పెట్టింది.

ఈ సంగతి ఊరికి ఎవరు చెప్పారని అడిగితే దస్తగిరి నీళ్ళు నమిలాడు. ఈ ఊళ్ళో ఆ పని కూడా కాస్త చూసుకొని చేయాలి.

నమోదు 22

ఇవాళ వరస నిలబడి ఉండగానే గంట మోగింది. ఎత్తిన బిందెలు ఎత్తినట్టే ఉండిపోయాయి. నీరు ఎర్ర గీత దాటి కిందికి దిగింది.

రేపు ఇంజనీరు వస్తాడు. ఆయన కొలిచి సంతకం పెట్టిన మరుక్షణం నేను ఊరి కుళాయి మూసేయాలి. దాచిపెట్టి లాభం లేదని ఓబులక్కకు చెప్పాను. ఇంకో బావి ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు, నడిచి చేరే దూరం కాదు.

"ఎంత తక్కవుండాది?" అంది.

"రెండు వేళ్ళు."

ఓబులక్క తన చేతి వేళ్ళు రెండు పక్కపక్కన పెట్టి చూసుకుంది. బిందె ఎత్తుకొని వెళ్ళిపోయింది.

నమోదు 23

ఇంజనీరు పేరు భాస్కరమూర్తి. మధ్యాహ్నం గూడ్సులో వచ్చాడు. బండి ఆలస్యమై నేను స్టేషన్లో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. అలా నిలబడి ఉండగా బావి వైపు నుంచి గంట వినిపించింది. ఇంకా దిగిపోయిందేమో అనుకున్నాను. దిగేటప్పుడు మోగాల్సింది నిన్ననే మోగిందని నాకు దారిలో తట్టింది.

బావి గట్టంతా తడిసి ఉంది. చుట్టూ బురదలో కాళ్ళ గుర్తులు, పెద్దవీ చిన్నవీ. మూత తీసి చూస్తే నీరు ఎర్ర గీతకు బొటనవేలెత్తు పైన నిలిచి ఉంది. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. ఊరి తలుపులన్నీ ఆ ఎండలో బుద్ధిగా మూసి ఉన్నాయి.

నేను చెప్పాల్సింది చెప్పాను. "ఇవి పోసిన నీళ్ళు సార్. నిన్న గీత కిందే ఉంది."

ఆయన నవ్వాడు. మంచివాడే, వెక్కిరించలేదు. "హంపమ్మగారూ, నేను చాలా హాల్టులు చూశానండి. నీళ్ళు దొంగిలించేవాళ్ళని చూశాను. తాగే నీళ్ళు పట్టుకొచ్చి బావిలో పోసేవాళ్ళని మాత్రం ఎక్కడా చూళ్ళేదు."

"గట్టు తడిగా ఉంది సార్."

"చేదుకున్నప్పుడు తడిసుంటుందిలెండి."

"ఇది పంపు ఉన్న బావి. ఇక్కడెవరూ చేదరు సార్."

అప్పటికే ఆయన సంతకం పెట్టేస్తున్నాడు. కొలతబద్ద ఒక మాట చెబుతుంటే, కళ్ళు మసకబారిన ఆడమనిషి మాట ఎవరు వింటారు? గూడ్సు కదలడానికి ఇంకా సమయం ఉందని దస్తగిరి ఆయనకు టీ పెట్టించాడు.

సాయంత్రం ఊళ్ళోకి వెళ్ళాను. ఏ ఇంట్లో చూసినా రైలు చెమట తాగుతున్నారు. పిల్లలు మొహం వికారంగా పెట్టి మింగుతున్నారు. మంచినీళ్ళు బావిలో పోసి, చెమట తమకు ఉంచుకున్నారు.

"చెమట నీళ్ళే పోసుంటే సరిపోయేది కదక్కా. ఆయనకేం తెలుస్తుంది?" అన్నాను.

"ఆయనకు తెలీదు. బావికి తెలీదా? చూసేకి వచ్చినోళ్ళకు దాని ఎండిన మొగం ఎట్ల చూపీల? అట్లని దాని నోట్లో చెమట పోస్తామా?" అంది ఓబులక్క. తర్వాత నా వైపు చూసింది. "ఆయనకు చెప్పేసినావంట గదా?"

"చెప్పాను."

"కంపెనీ మనిషివి. చెప్తావులే."

మళ్ళీ మాట్లాడలేదు.

నమోదు 31

ఉత్తరువు వచ్చింది. గవ్వలదిన్నె బావి ఆరోగ్యంగా ఉందని, నీరు తనంతట తాను పెరుగుతోందని యంత్రం తేల్చింది. అందువల్ల ఇంతకాలం నల్లగుట్ట హాల్టులో నీళ్ళు తాగే పొడుగు గూడ్సు ఇకమీదట ఇక్కడే తాగుతుందట.

వరసలో ఉన్నవాళ్ళకు పైకి చదివి వినిపించాను. అది నా పని. ఓబులక్క బిందె మూతి మీద చెయ్యి పెట్టుకొని నేల చూసింది. వాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. జాలీ వేసింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక పంపు దగ్గరికి వెళ్ళిపోయాను.

నమోదు 33

పొడుగు గూడ్సుకు మూడు ఇంజన్లు. తల స్టేషన్లో ఉంటే తోక ఇసుక దిబ్బల అవతల ఉంటుంది. ట్యాంకు అడుగంటా తాగేసి, పంపు మళ్ళీ నింపేదాకా నిలబడి, మళ్ళీ తాగింది. ఎండపలకలు తుడిచి తుడిచి నా భుజం పట్టేసింది. ఆడవాళ్ళకు ఎప్పుడూ లేనంత చెమట దొరికింది. ఎవరూ సంతోషించినట్టు లేరు.

నమోదు 38

గంట మోగింది. ఈసారి కొలవడానికి ఎవరూ రాలేదు. అంకె చూసి యంత్రమే ఉత్తరువు పంపింది. కుళాయి మూసేయమంది.

తాళం పట్టుకొని వెళ్ళేసరికి ఊరంతా కుళాయి చుట్టూ ఉంది. కొడతారేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఓబులక్క ముందుకు వచ్చింది. ఇంజనీరు వచ్చిన రోజు తర్వాత ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు.

"కంపెనీ నీళ్ళు మాకొద్దు. మేము పోసినవి మాకియ్యి. ఆపొద్దు ఇంటికొగ బిందె పోసినాము. అవి ఇచ్చేసి మూసుకో. మళ్ళా ఒక్క చుక్క అడగం."

వాళ్ళు పోసినవి పొడుగు గూడ్సు తాగేసి చాలా రోజులైంది. ఎడారిలో ఎక్కడో ఆవిరై ఉంటాయి. ఆ మాట ఆమెకూ తెలుసు. నేను తాళం వేశాను.

నమోదు 39

నిబంధనలు మొదటినుంచి చివరిదాకా చదివాను. "కుళాయి మూయవలెను" అని ఉంది. "పంపు ఇంజన్లకు మాత్రమే" అని ఉంది. తాడు సంగతి ఎక్కడా లేదు. బావి మూతకు ఎలాగూ తాళం లేదు.

ఓబులక్క ఇంటికి వెళ్ళాను. కూర్చోమనలేదు.

"బావి తవ్వినప్పటి గిలక ఉందా?" అని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత మంచం కిందికి వంగి గిలక బయటికి లాగింది. తుప్పు పట్టలేదు. ఇన్నేళ్ళూ నూనె పూస్తూనే ఉన్నట్టుంది.

మధ్యాహ్నానికి బావి మీద రెండు రైలు పట్టాముక్కలు నిలబెట్టి గిలక కట్టారు. నేను అటువైపు వీపు పెట్టి ఎండపలకలు తుడుచుకున్నాను. చేంతాడు గిలక మీద కీచుమంటుంటే దస్తగిరి పరుగెత్తుకొచ్చాడు.

"ఇది రూలేనా అక్కా?"

"రూలు కాదు. వద్దనే రూలు కూడా లేదు."

ఆయన తల గోక్కొని, ఇంట్లో వాళ్ళకు చెప్పి ఒక బిందె పంపించాడు.

నమోదు 52

నీరు నల్ల గీతకు దిగింది. పొడుగు గూడ్సు తాగినంత పంపు లాగింది, ఊరు చేదినంత ఊరు చేదింది. ఊరి వాటా కొలిస్తే లావు గొట్టం ముందు చెప్పుకోదగ్గది కాదు. అది అంకెల గడిలోనే రాశాను. హాల్టు ఎత్తేయమని ఉత్తరువు వచ్చింది. పంపు, పలకలు, ట్యాంకు నల్లగుట్టకు, వాటితోపాటు నేనూ నల్లగుట్టకు. ధాన్యం బస్తాలు దించడానికి వారానికొక పాసింజరు మాత్రం ఆగుతుంది. ఊరివాళ్ళ సంగతి ఉత్తరువులో లేదు.

నమోదు 54

భాస్కరమూర్తి ఫిట్టర్లను వెంటబెట్టుకొని వచ్చాడు. మొహం మాడ్చుకొని ఉన్నాడు. పైవాళ్ళు గట్టిగానే చీవాట్లు పెట్టి ఉంటారు.

"ఈ బావి నన్ను మోసం చేసిందండీ," అన్నాడు.

"బావి కాదు సార్. ఆ రోజే చెప్పాను కదా."

"అంకెల్లో రాసి ఉండాల్సింది."

"పోసిన నీళ్ళకు అంకెల గడి లేదు సార్."

పంపు విప్పుతుంటే ఆయన గిలక దగ్గర చేదుతున్న ఆడవాళ్ళను చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగానే పోశారా?"

"పోశారు."

ఓబులక్కకు ఆయన మీద ఏ కోపమూ ఉన్నట్టు లేదు. ఎండన పడి వచ్చినవాడని చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. "తాగు సామీ." ఆయన సగం తాగి, మిగతావి ఏం చేయాలో తెలియక చెంబు పట్టుకొని అలాగే ఉండిపోయాడు. ఆమే తీసుకొని గడగడా తాగేసింది.

నాకు భయంగా ఉంది. బావి అడుగున మోకాలి లోతు నీరుంది. ఈ మనుషులు ఎన్నాళ్ళు బతుకుతారో తెలియదు. రేపు నేను రైలెక్కితే తెలుసుకోనక్కర కూడా లేదు. ఆ ఆలోచన నన్ను ఇంకా భయపెట్టింది.

మూసిన బావిని ఒక నెలపాటు రోజూ కొలవాలని నిబంధనల్లో ఉంది. ఎవరు కొలవాలో లేదు. నేను కొలుస్తాను. ఆ మాట వివరం గడిలో ఇదిగో రాశాను, యంత్రం చదువుకుంటే చదువుకుంటుంది.

నమోదు 55

పంపూ ట్యాంకూ గూడ్సు ఎక్కాయి. నా తాళంచెవులు కూడా తీసుకున్నారు, నడుము తేలికైంది. బండి కదిలాక నేను ప్లాట్‌ఫారం మీదే ఉన్నానని దస్తగిరి చూశాడు. డివిజన్ తీగ కూడా చుట్టుకుపోయారు కాబట్టి ఈ నమోదులు ఇక ఎక్కడికీ పోవు.

చేంతాడు చాలడం లేదు. వారానికొక్క బండి ఆగే ఊళ్ళో చెమట పట్టే చీరలతో పనేముంది? వాటిని చింపి, పేని, తాడుకు కలిపారు. రంగురంగుల తాడు ఒకటి తయారైంది.

నమోదు 59

ఇంటికి ఒక బిందె. మొదటి రెండు రోజులూ బురద వచ్చింది. తేరుకున్నాక తాగుతున్నారు. నేను కూడా తాడు పట్టాను.

"గట్టిగా లాగు మే. సంతకం పెట్టినట్టు కాదు," అంది ఓబులక్క. వరసలో అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు. అది నా మీదైనా సరే, బాగుంది.

నమోదు 66

నీరు నల్ల గీత పైకి వచ్చింది. నిన్నటికంటే వేలెడు ఎక్కువ. మొన్నటికంటే నిన్న వేలెడు ఎక్కువ.

మళ్ళీ పోస్తున్నారు. చూడటానికి ఎవరూ రారని తెలిసి కూడా పోస్తున్నారు. వచ్చేదే ఇంటికి ఒక బిందె, అందులోంచి బావికి పోస్తే ఏం తాగుతారు? ఒళ్ళు మండిపోయింది. అడిగితే మళ్ళీ మాటలు ఆగిపోతాయని ఊరుకున్నాను.

నమోదు 72

ఇంకా పెరిగింది. ఓబులక్క నన్ను అదోలా చూస్తోంది. మధ్యాహ్నం నా బిందె ఎత్తి చూసి, సగమే ఉండటంతో మూతి బిగించి వెళ్ళింది. తాగినందుకు కూడా ఈ ఊళ్ళో తప్పేనా?

నమోదు 81

పొద్దున్నే పలకలు తుడవాల్సిన పని లేకపోయినా ఆ వేళకే మెలకువ వస్తోంది. చద్దన్నం ముందు కూర్చొని ఉండగా గంట మోగింది.

కంచం వదిలేసి పరుగెత్తాను. అటునుంచి ఓబులక్క కొంగు నడుముకు చుట్టుకుంటూ వస్తోంది. ఆ వయసులో ఆ పరుగు నేను చూడలేదు. బావి దగ్గర ఒకరికొకరం ఎదురుపడ్డాం. ఇద్దరికీ రొప్పు.

"నీకేమన్నా బుద్ధుందా మే?" అని ఆమే అందుకుంది. "తాగేకి ఇచ్చిన నీళ్ళు బావిలో పోస్తాండావా? ఈ ఊరు పిచ్చి నీకూ పట్టిందా?"

"నేనా? పోస్తున్నది నువ్వు. రెండు వారాలుగా చూస్తూనే ఉన్నాను."

"నా పాణం మీద ఒట్టు. పొద్దున పలకరించేది తప్ప ఒక చుక్క పోయలేదు. నువ్వు పోయలేదా?"

"లేదక్కా."

"ఇంగెవురు పోసినారు?"

మూత తీశాం. నీరు ఎర్ర గీతను తాకుతూ కదలకుండా ఉంది. బెండు గంట పక్కన తేలుతోంది. నేను గట్టు తడిమాను. ఇటునుంచి నేను, అటునుంచి ఆమె, చుట్టూ తడుముకుంటూ వచ్చాం. చేతులు కలిశాయి. రెంటికీ దుమ్మే అంటింది. గట్టు పొడిగా ఉంది.

ఓబులక్క బావిలోకి వంగి చూసింది. "దానంతటదే ఊరుతాండాది. అయితే ఇన్నేండ్లూ దాన్ని తాగేసింది మేము కాదు," అంది. ఆమె కళ్ళు నిండాయి. నావి కూడా.

తర్వాత లేచి రంగుల తాడు అందుకొని మొదటి బిందె చేదింది. చేది, ఎప్పటిలాగే తిరిగి బావిలో పోసింది. ఇవాళ నష్టం గడిలో ఏమీ రాయలేదు.